విమాన శాఖ ఏలిన ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి

అనంతపురం జిల్లాలో విమానాశ్రయం తెరిచింది 1990 నవంబరు 24న, పుట్టపర్తిలో. అంతకు 24 ఏళ్ల ముందు దేశంలోని పౌర విమానాల శాఖ మొత్తం ఈ జిల్లా మనిషి చేతి కింద ఉండేది. ఆయనే నీలం సంజీవరెడ్డి. 1966 జనవరి నుంచి 1967 మార్చి దాకా ఆయన కేంద్రంలో రవాణా, పౌర విమానయానం, నౌకాయానం, పర్యాటక శాఖల మంత్రి. తరువాత లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ పైన రాష్ట్రపతి అయ్యారు.

మన పల్లెల్లో రచ్చబండ మీద ఆయన మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న లేస్తుంది. అంతంత పదవులు చేసి సొంత జిల్లాకు ఏం తెచ్చాడని. విమానాల శాఖ చేతిలో ఉన్నప్పుడైనా ఒక విమానాశ్రయం తెచ్చి ఉండకూడదా అని. ఊరికే అడిగే ప్రశ్న కాదిది. బిడ్డలు గల్ఫ్‌కు పోయిన ఇళ్లవాళ్లు, బెంగుళూరుకు కూలికి పోయినవాళ్లు అడిగే ప్రశ్న. జవాబు కోసం ఆయన జీవితాన్ని మొదటి నుంచీ చూడాలి.

సంజీవరెడ్డి 1913 మే 19న ఇల్లూరులో జన్మించారు. తండ్రి నీలం చిన్నప్పరెడ్డి. ఇల్లూరు ఇప్పుడు గార్లదిన్నె మండలంలో ఉంది. సేద్యం చేసుకునే కుటుంబం. చదువు కోసం తండ్రి ఆయనను మద్రాసు పంపారు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజం హైస్కూలులో చదివి, అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చారు. ఆ రాకతో ఆ కుర్రవాడి దారి మారింది. విదేశీ బట్టలు వదిలి ఖద్దరు కట్టారు. డిగ్రీ పూర్తి కాకుండానే కాలేజీ మానుకుని ఉద్యమంలోకి దిగారు. 1935లో నాగరత్నమ్మను పెళ్లాడారు. వారికి ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు.

పాతికేళ్లకే, 1938లో, ఆయన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు కార్యదర్శి. పదేళ్లు ఆ పని చేశారు. 1940 తరువాత అయిదేళ్లలో ఎక్కువ కాలం జైళ్లలోనే గడిచింది. 1942 మార్చిలో విడుదలై ఆగస్టులో మళ్లీ లోపలికి పోయారు. అమరావతి జైలులో టంగుటూరి ప్రకాశం, కామరాజ్, సత్యమూర్తి, వి.వి.గిరి ఆయనతో పాటు ఉన్నారు. అది బెరారులోని అమరావతి, మన కృష్ణా ఒడ్డు అమరావతి కాదు. ఆ జైలు సావాసగాడైన గిరితోనే తరువాత రాష్ట్రపతి పదవికి పోటీ పడవలసి వచ్చింది. ఆ సంగతి ముందు వస్తుంది.

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. రాజ్యాంగ సభలోనూ సభ్యులు. 1949 నుంచి 1951 దాకా మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖల మంత్రి. 1951లో ఎన్.జి.రంగాతో పోటీ పడి ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవి గెలిచారు. ఇంత చేసి, 1952 ఎన్నికల్లో సొంత అనంతపురంలో ఓడిపోయారు. ఓడించింది కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఇద్దరూ బావాబావమరుదులు. ఒక ఇంటి పెళ్లి పందిట్లో పక్కపక్కన కూర్చునే ఇద్దరు ఎన్నికల్లో ఎదురెదురు నిలబడ్డారు. జిల్లా ఓటరు బావను కాదని బావమరిదిని ఎన్నుకున్నాడు.

ఆ ఓటమి తరువాత ఆయన చాలాకాలం బయటి నియోజకవర్గాలనే నమ్ముకున్నారు. 1955లో శ్రీకాళహస్తి, 1962లో డోన్. జిల్లా మనకేం చేశాడని అడుగుతుంది కానీ, జిల్లా ఆయనకేం చేసిందన్నది కూడా లెక్కలోకి రావాలి. రెండు వైపులా కొంత ఎడం ఉండేది. దాన్ని దాచి రాయడంలో అర్థం లేదు.

బస్సు తెచ్చారు, బస్సు వల్లే దిగారు

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. 1955లో బెజవాడ గోపాలరెడ్డి ప్రభుత్వంలోనూ అదే పదవి. 1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. దాని మొదటి ముఖ్యమంత్రి ఆయనే. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు.

ఆ పదవిలో ఆయన చేసిన పనుల్లో పల్లెటూరి మనిషికి నేరుగా తగిలింది బస్సు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. తెలంగాణలో నిజాం కాలం నుంచే సర్కారు బస్సులు ఉండేవి. మన వైపు మాత్రం ప్రైవేటు బస్సులే. ఓనరు ఇష్టం, డ్రైవరు ఇష్టం. జనం నిండితే బండి కదిలేది, నిండకపోతే చెట్టు కింద నిలబడేది. సర్కారు బస్సుకు టైము రాసిన బోర్డు ఉంటుంది, టికెట్టుకు లెక్క ఉంటుంది, జనం తక్కువైనా బండి పోతుంది. ఒక్కో జిల్లాలో రూట్లను జాతీయం చేస్తూ వచ్చారు. ఇవాళ రాత్రి బస్సు పల్లెలో నిద్రచేసి తెల్లవారి కూరగాయల గంపలతో, కాలేజీ పిల్లలతో తాలూకా కేంద్రానికి పోతుందంటే దాని మొదలు అక్కడుంది.

1960 జనవరిలో ముఖ్యమంత్రి పదవి వదిలి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు. 1962 మార్చిలో మళ్లీ ముఖ్యమంత్రిగా తిరిగి వచ్చారు. ఈసారి అదే బస్సు ఆయనను కుర్చీ దింపింది. కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయం వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. పడమటి భాగం రూట్లను ముందు తీసుకోవడం వెనుక ముఖ్యమంత్రికి రాజకీయ ఉద్దేశం ఉందని ప్రైవేటు బస్సుల వాళ్ల ఆరోపణ. తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బ తీయడానికే ఇలా చేశారని వారు కోర్టుకు చెప్పారు. దాన్ని కాదంటూ ముఖ్యమంత్రి తరఫున ప్రమాణ పత్రం దాఖలు కాలేదు. కాదనలేదు కనుక ఆరోపణను ఒప్పుకోక తప్పదన్న రీతిలో కోర్టు తీర్పు వచ్చింది. ఆయన 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. నేరం రుజువై జైలు శిక్ష పడిన కేసు కాదిది, కోర్టు చేసిన వ్యాఖ్య. దానికే పదవి వదిలారు. ఆయన తరువాత కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

తప్పు ఆయనదా కాదా అని కర్నూలు వైపు పెద్దలు చాలాకాలం వాదించుకునేవారు. ఈ రచయిత అభిప్రాయం ఒకటే. జాతీయం చేయడం మంచి పని. ఎవరి రూటు ముందు, ఎవరి రూటు వెనుక అన్నది ముఖ్యమంత్రి స్థాయిలో చూడవలసిన పని కాదు.

విమానాల శాఖలో 14 నెలలు

1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి ఆయనను ఉక్కు, గనుల మంత్రిగా ఢిల్లీ తీసుకుపోయారు. శాస్త్రి 1966 జనవరి 11న తాష్కెంట్‌లో మరణించారు. ఇందిరాగాంధీ జనవరి 24న ప్రమాణ స్వీకారం చేశారు. సంజీవరెడ్డికి రవాణా, విమానయాన శాఖలు వచ్చాయి.

ఆ రోజే, జనవరి 24నే, ఎయిరిండియా బోయింగ్ విమానం ఒకటి బొంబాయి నుంచి లండన్ పోతూ ఐరోపాలోని మాంట్ బ్లాంక్ కొండను ఢీకొంది. అందులో ఉన్న 117 మందీ చనిపోయారు. అణుశక్తి శాస్త్రవేత్త హోమీ భాభా వారిలో ఒకరు. కొత్త మంత్రి కొత్త శాఖలో మొదటి రోజు విన్న వార్త అది.

ఆ ఏడాది దేశం ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. 1965లో వానలు లేవు. 1966లోనూ లేవు. బీహారులో కరువు. మన జిల్లాకు కరువు కొత్త కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది, అదీ సరిగ్గా పడిన ఏట. దేశం మొత్తం మనలాగే ఆకాశం చూసిన ఏడాది అది. అమెరికా నుంచి గోధుమలు ఓడల మీద వచ్చాయి. 1966లో బయటి నుంచి వచ్చిన తిండిగింజలు దాదాపు కోటి టన్నులు. ఆ ఓడలు ఆగే రేవులన్నీ ఈ మంత్రి శాఖ కిందివే. ఓడ రేవులో నిలబడిపోతే ఏ మూలో రేషను షాపులో గింజ ఉండదు. విమానాల కన్నా ముందు ఆయన బల్ల మీద ఉన్న ఫైలు ఇది.

జూన్ నెలలో రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4.76 రూపాయలు ఉండేది 7.50 అయ్యింది. విమానాలు, వాటి విడిభాగాలు చాలావరకు బయటి దేశాల నుంచి కొనేవే. రాత్రికి రాత్రి వాటి ఖరీదు సగానికి పైగా పెరిగింది. ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండూ 1953లో ప్రైవేటు కంపెనీలను జాతీయం చేయగా పుట్టిన సర్కారు సంస్థలు. ఉన్న విమానాలను పెద్ద పట్నాల మధ్య తిప్పడానికే వారికి చాలేది కాదు. మన జిల్లావాళ్లకు విమానం అంటే అటు హైదరాబాదు బేగంపేట, ఇటు బెంగుళూరు. ఆ రెండు చోట్లకైనా పోయేది ఎవరు? గుంతకల్లులో రైలెక్కడమే పెద్ద ప్రయాణం అనుకునే కాలం.

ఆయన ఉన్న కాలంలోనే, 1966 అక్టోబరులో, భారత పర్యాటక అభివృద్ధి సంస్థ ఏర్పడింది. బయటి దేశాల వాళ్లు వస్తే డాలర్లు వస్తాయి, డాలర్లు వస్తే విమానాలు కొనవచ్చు, గోధుమలు కొనవచ్చు. మంత్రి ఆలోచన ఆ లెక్కలో ఉండక తప్పని రోజులు.

ఇప్పుడు రచ్చబండ ప్రశ్నకు వద్దాం. 14 నెలల్లో, ఆ కరువులో, ఆ డాలరు లెక్కలో, అనంతపురానికి విమానాశ్రయం తేవడం కుదిరేదా? చదును చేసి ఒక స్ట్రిప్పు పోయించడం మంత్రికి అసాధ్యం కాకపోవచ్చు. దాని మీద దిగేదెవరు, ఎక్కేదెవరు? ఎక్కేవాళ్లు లేని రన్‌వే ఏడాదికల్లా మేకల బీడు అవుతుంది. ఆ ఖర్చుతో పెన్న మీద గండి పూడ్చినా మేలు. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో తుంగభద్ర ఎగువ కాలువ పనులు సాగాయి. ఆ కాలువ నీళ్లే గార్లదిన్నె మండలంలోని మిడ్ పెన్నార్ జలాశయానికి చేరుతున్నాయి. ఆ రోజుల్లో మన రైతు అడిగింది నీళ్లు. విమానం అడిగినవాడు లేడు. ఇంతవరకు ఆయన పక్షాన చెప్పవచ్చు.

కానీ ఒకటి ఆయనకు వ్యతిరేకంగా కూడా చెప్పాలి. అంత పెద్ద శాఖలో ఉండి కరువు జిల్లాల రాకపోకలకు ప్రత్యేకంగా ఫలానా పథకం పెట్టారని చెప్పుకునే గుర్తు ఆయన పేరు మీద ఈ జిల్లాలో మిగల్లేదు. దేశం అంతటికీ మంత్రి అనుకున్నారు, సొంత జిల్లాను వేరుగా చూడలేదు. అది గుణమా లోపమా అన్నది అడిగేవాడి అవసరాన్ని బట్టి ఉంటుంది.

హిందూపురం గెలుపు, అనంతపురం ఓటమి

1967లో ఆయన హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఇప్పుడు విమానాశ్రయం ఉన్న పుట్టపర్తి ఇవాళ ఆ హిందూపురం పార్లమెంటు నియోజకవర్గంలోనే ఉంది. మార్చి 17న స్పీకరయ్యారు. స్పీకరు కుర్చీలో కూర్చున్న వెంటనే కాంగ్రెసు సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. అంతకు ముందు ఏ స్పీకరూ ఆ పని చేయలేదు. షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమం చూసే పార్లమెంటు కమిటీ ఆయన హయాంలో ఏర్పడింది.

1969లో కాంగ్రెసు ఆయనను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలిపింది. ఆయన స్పీకరు పదవి వదిలారు. ఇందిరాగాంధీ మాత్రం అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమని సభ్యులకు చెప్పారు. సొంత పార్టీ అభ్యర్థి సొంత ప్రధాని వల్ల ఓడిన ఎన్నిక అది. గెలిచినవారు అమరావతి జైలు సహవాసి వి.వి.గిరి. ఓట్ల విలువలో తేడా 15 వేల లోపే. దాంతో కాంగ్రెసు రెండుగా చీలింది.

1971లో ఆయన పాత కాంగ్రెసు తరఫున అనంతపురం లోక్‌సభకు నిలబడ్డారు. మళ్లీ ఓటమి. 1952లో, 1971లో, రెండుసార్లూ అనంతపురమే. ఆ తరువాత ఊరు చేరి సేద్యం చూసుకున్నారు. రాజకీయం ముగిసిందనుకున్నారు అందరూ. మాజీ ముఖ్యమంత్రి, మాజీ స్పీకరు వాన కోసం మిగతా రైతులతో పాటు ఎదురుచూసిన ఏళ్లవి.

1975లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమంతో మళ్లీ బయటికి వచ్చారు. 1977 మార్చి ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకు పోయాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ గెలిచిన జనతా అభ్యర్థి సంజీవరెడ్డి. మళ్లీ స్పీకరు. నాలుగు నెలలు తిరగకముందే రాష్ట్రపతి. వేసిన నామినేషన్లు 37. పరిశీలనలో 36 చెల్లకుండా పోయాయి. పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి ఆయన ఒక్కరే. 1977 జూలై 25న ప్రమాణం చేసేనాటికి 64 ఏళ్లు. 2022లో ద్రౌపది ముర్ము వచ్చేదాకా అంత చిన్న వయసులో ఆ పదవికి వచ్చినవారు లేరు. జీతంలో నూటికి 70 వంతులు తగ్గించుకుంటానని ప్రకటించారు.

1979లో మొరార్జీ ప్రభుత్వం పడిపోయింది. చరణ్‌సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా ఇచ్చి, సభ రద్దుకు సలహా ఇచ్చారు. రాష్ట్రపతి దాన్ని ఆమోదించారు. జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇచ్చి ఉండవలసిందని విమర్శ వచ్చింది. ఆ వాదన నేటికీ తేలలేదు. 1982 జూలైలో పదవీకాలం ముగిసింది. అనంతపురం తిరిగి వచ్చేశారు. 1989లో ఆంగ్లంలో తన జ్ఞాపకాల పుస్తకం వెలువరించారు.

77వ ఏట జిల్లాకు విమానం

పుట్టపర్తి విమానాశ్రయం తెరిచేనాటికి సంజీవరెడ్డికి 77 ఏళ్లు. దాన్ని కట్టించింది ప్రభుత్వం కాదు, సత్యసాయి సెంట్రల్ ట్రస్టు. నిర్మాణం లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీది. స్థలం 450 ఎకరాలు. మొదట రన్‌వే పొడవు వెయ్యి మీటర్లు. అంటే కిలోమీటరు. దాని మీద చిన్న విమానాలే దిగగలవు. పెద్ద జెట్టు విమానం వేగం అందుకోవడానికి, దిగాక ఆగడానికి రెండు కిలోమీటర్లకు పైన కావాలి. తరువాత దాన్ని 2,200 మీటర్లకు పెంచారు. కొంతకాలం ముంబై, చెన్నైల నుంచి విమానాలు నడిచాయి. ఎక్కేవాళ్లు ఎవరన్న ప్రశ్నకు అక్కడ జవాబు ఉంది. దేశ విదేశాల భక్తులు. 1966లో అనంతపురానికి లేనిది అదే.

దాని వల్ల చుట్టుపట్ల ఏం జరిగిందో కొత్తచెరువు, బుక్కపట్నం వైపు వాళ్లకు తెలుసు. రోడ్లు పడ్డాయి. టాక్సీలు, ఆటోలు, లాడ్జీలు, అద్దె గదులు, పూల దుకాణాలు వచ్చాయి. రోడ్డు పక్క చేను ధర పెరిగింది. చెనక్కాయ వేసే రైతు కొడుకు కారు డ్రైవరయ్యాడు. 2000లో రైలు స్టేషను కూడా వచ్చింది. 2011 ఏప్రిల్‌లో సత్యసాయి మరణించినప్పుడు ప్రధాని మొదలు ఎందరో ఈ రన్‌వే మీదనే దిగారు. ఆ తరువాత రోజువారీ విమానాల సందడి లేదు, గదులు ఖాళీ పడ్డాయి, టాక్సీలు బెంగుళూరు దారి పట్టాయి. ఒక్క కారణం మీద నిలబడిన రాకపోకలు ఆ కారణం తగ్గగానే తగ్గుతాయి. మంత్రిగా సంజీవరెడ్డికి ఎదురైన లెక్కే ఇది.

ఆయన అదంతా చూడలేదు. 1996 జూన్ 1న బెంగుళూరులో న్యుమోనియాతో కన్నుమూశారు. వయసు 83. సమాధి కూడా అక్కడే ఉంది.

2008 మేలో దేవనహళ్లిలో బెంగుళూరు కొత్త విమానాశ్రయం తెరిచారు. హిందూపురం, పెనుకొండ, కదిరి వాళ్లకు నిజమైన విమానాశ్రయం ఇప్పుడు అదే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. బెంగుళూరు విమానాశ్రయం రెండు గంటల దూరంలో ఉండడం దానికి కలిసి వచ్చిన సంగతుల్లో ఒకటి. కడపకు 2015లో విమానాలు మళ్లీ వచ్చాయి. ఆయన గెలిచిన డోన్, నంద్యాలలకు దగ్గరలో, ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం వచ్చింది. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండైంది. పుట్టపర్తి విమానాశ్రయం సత్యసాయి జిల్లాకు, ఇల్లూరు అనంతపురం జిల్లాకు చెందాయి.

విమాన శాఖ ఏలిన మనిషి పేరు ఈ విమానాశ్రయాల్లో దేనికీ లేదు. ఆయన పేరు ఉన్నది శ్రీశైలం జలాశయానికి. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న 1963 జూలైలో నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. నీలం సంజీవరెడ్డి సాగర్ అని దాని పేరు. ఆ సాగరం వెనుక నీటిని మాల్యాల దగ్గర మోటార్లతో ఎత్తి హంద్రీ-నీవా కాలువలో పోస్తున్నారు. 2012 నుంచి ఆ నీళ్లు మన జిల్లా వైపు వస్తున్నాయి. బెళుగుప్ప మండలం జీడిపల్లి జలాశయంలో నిలుస్తున్నవి ఆ నీళ్లే.